ఇంట్లో వైఫై ఐపీ క్లాష్: బెజవాడ, గుంటూరు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాప్‌టాప్‌లో ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్ అని మెసేజ్ వస్తోంది. అసలు దానర్థం ఏంటి?

ఇంట్లో రెండు పరికరాలు ఒకే నంబరు పెట్టుకుని కూర్చున్నాయని అర్థం. ఫోను, టీవీ, ప్రింటరు, సీసీ కెమెరా, ఇలా వైఫైకి ఏది తగులుకున్నా దానికి 192.168.1.5 లాంటి ఐపీ నంబరు ఒకటి ఉండాలి. ఆ నంబరు ఆ ఇంట్లో ఇంకే పరికరానికీ ఉండకూడదు.

గుంటూరు వాళ్లకి ఇది చెప్పడం తేలిక. బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆ అడ్డరోడ్డులో రెండిళ్లకి ఒకే డోర్ నంబరు ఉంటే కొరియర్ అబ్బాయి పార్సిల్‌ని ఒకసారి ఈ ఇంట్లో, ఒకసారి ఆ ఇంట్లో ఇచ్చిపోతాడు. రూటర్ పరిస్థితీ అంతే. "192.168.1.5 ఎవరు?" అని ఇల్లంతా వినబడేలా కేకేస్తుంది. ఇద్దరూ "నేనే" అంటారు. ఆఖరున ఎవరి జవాబు వింటే డేటా వాళ్లకి పంపిస్తుంది. ఈ కేకకి సాంకేతికంగా ఏఆర్‌పీ అని పేరు. 1982 నాటి పద్ధతి, ఇప్పటికీ అదే నడుస్తోంది.

పక్కింటి వాళ్ల ఫోన్‌లో కూడా మా నంబరే కనిపించింది. గొడవంతా దానివల్లేనా?

కాదు. నాలుగో లైను బ్రాడీపేటలోనూ ఉంది, అరండల్‌పేటలోనూ ఉంది, ఎవరికీ ఇబ్బంది లేదు కదా. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి ఇంటి లోపలి వాడకానికి కేటాయించిన నంబర్లు. ఎవరి రూటర్ వెనక వాళ్లు వాడుకోవచ్చు. కాకపోతే కింద వాటా వాళ్లూ పై వాటా వాళ్లూ ఒకే కనెక్షన్ పంచుకుంటుంటే నెట్‌వర్క్ పరంగా అది ఒకటే ఇల్లు. అప్పుడు పై వాటా వాళ్ల ప్రింటరు మీ ఫోన్‌తో పోట్లాడొచ్చు.

మెసేజ్ ఏదీ రాలేదు, నెట్ మాత్రం వచ్చిపోతోంది. ఐపీ క్లాషేనని ఎలా నిర్ధారించుకోవాలి?

విండోస్, మ్యాక్ కంప్యూటర్లు మెసేజ్ చూపిస్తాయి. ఫోన్లు, టీవీలు చాలావరకు నోరు మెదపవు. కాబట్టి లక్షణాలు చూసుకోవాలి. వైఫై గుర్తు నిండా ఉంటుంది, నెట్ రాదు. ఇల్లంతా కాకుండా ఒకటో రెండో పరికరాలకే ఇలా అవుతుంది. టీవీ వేసినప్పుడే ల్యాప్‌టాప్ పడిపోతుంది, టీవీ ఆపగానే లేస్తుంది. ఇలాంటి జత కనిపిస్తే దాదాపు ఇదే.

అన్ని పరికరాలకీ ఒకేసారి నెట్ పోతే మాత్రం ముందు ఫైబర్ లైను మీద అనుమానపడండి. ఫైబర్ బాక్స్ మీద ఎర్ర లైటు వెలుగుతూ ఉంటే ఐపీ జోలికి వెళ్లకుండా కేబుల్ వాళ్లకి ఫోన్ చేయండి.

విండోస్‌లో ఖాయంగా తేల్చుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కమాండ్‌ని "ఆల్" ఆప్షన్‌తో ఇవ్వండి. క్లాష్ ఉంటే ఆ నంబరు పక్కనే డూప్లికేట్ అని రాసి ఉంటుంది.

రూటర్ ఆపి ఆన్ చేస్తే పోతోంది. ఇంక వేరే ఏమైనా చేయాలా?

పోతుంది, మళ్లీ వస్తుంది. రీస్టార్ట్ చేస్తే నంబర్లు మళ్లీ పంచుతారు, అంతే. ఈసారి పంపకం కలిసొచ్చి ఎవరూ ఎవరి మీదా పడలేదు. రేపు ఇంటికొచ్చిన చుట్టాల ఫోను అదే నంబరు తీసుకుంటే కథ మొదటికొస్తుంది.

ఇంట్లో నంబర్లు పంచే పని రూటర్‌ది. ఆ పంపకానికి డీహెచ్‌సీపీ అని పేరు. పరికరం వచ్చి "నాకో నంబరు కావాలి" అంటుంది, రూటర్ తన దగ్గరున్న వరసలోంచి ఒకటి తీసి కొంత గడువుతో ఇస్తుంది. గడువులో సగం గడిచేసరికి పరికరం తనే వచ్చి పొడిగించుకుంటుంది. రూటర్ ఒక్కటే పంచుతున్నంత కాలం క్లాష్ రావడం అరుదు. వచ్చిందంటే చాలావరకు ఇంట్లో రెండో పెద్దమనిషి ఎవరో తయారయ్యారని: రూటర్‌ని అడక్కుండా తనకి తానే నంబరు రాసుకున్న పరికరమైనా అయ్యుండాలి, పంచడం మొదలుపెట్టిన ఇంకో రూటరైనా అయ్యుండాలి. ఆ రెండోది ఎవరో పట్టుకోకుండా ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా తాత్కాలికమే.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఎక్కువవుతోంది. ఎండాకాలంలో మరీను. కరెంటుకీ ఐపీకీ సంబంధం ఏంటి?

ఉంది, అదీ ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలోనే ఎక్కువ. చాలా ఇళ్లలో ఫ్యాన్లు, లైట్లు ఇన్వర్టర్ మీద ఉంటాయి, టీవీ వెనక ప్లగ్‌లో ఉన్న రూటర్ ఉండదు. సీసీ కెమెరాల డీవీఆర్‌కి, అంటే వీడియో రికార్డు చేసే బాక్స్‌కి, మాత్రం విడిగా ఒక యూపీఎస్ పెట్టించి ఉంటారు. కరెంటు పోగానే రూటర్ ఆరిపోతుంది. చవక రూటర్లు చాలావరకు ఎవరికి ఏ నంబరు ఇచ్చామన్న పట్టికని తాత్కాలిక మెమరీలో పెట్టుకుంటాయి, అదీ చెరిగిపోతుంది. కరెంటు రాగానే రూటర్ కొత్త మనిషిలా లేచి మొదటి నుంచి పంచుతుంది. యూపీఎస్ మీద ఉన్న డీవీఆర్ ఈలోపు ఆరలేదు. మధ్యలో యూపీఎస్ మీదే నడిచే నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లని కలిపే బాక్స్) ఉంటే కేబుల్ తెగినట్టు కూడా దానికి తెలియదు. పాత నంబరు పట్టుకునే ఉంటుంది. అదే నంబరు మీ ఫోన్‌కి వచ్చిందా, గొడవ మొదలు.

ఇచ్చే ముందు ఆ నంబరు ఖాళీగా ఉందో లేదో రూటర్ చూసుకోవాలని నియమం ఉంది. తీసుకునే పరికరం కూడా ఒకసారి కేకేసి చూసుకోవాలి. అన్నీ ఈ పని సరిగ్గా చేయవు. చేసినా, బ్యాటరీ ఆదా కోసం నిద్రలో ఉన్న ఫోను ఆ కేక వినకపోవచ్చు. జవాబు రాకపోతే ఖాళీ అనుకుని ఇచ్చేస్తారు.

తేలికైన మందు: రూటర్‌ని, ఫైబర్ బాక్స్‌ని కూడా ఇన్వర్టర్ లైను మీదకి మార్పించండి. రెండూ కలిపినా తీసుకునే కరెంటు ఒక ఫ్యాన్ కంటే తక్కువే. ఎలక్ట్రీషియన్‌కి చిన్న పని. అది కుదరకపోతే రూటర్‌కి పెట్టే మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనేటప్పుడు అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులు సరిపోయేవే తీసుకోండి.

ఫైబర్ బాక్స్‌లో వైఫై పైదాకా రావట్లేదని మేడ మీద ఇంకో రూటర్ పెట్టించాం. అప్పటి నుంచే తంటా. ఎందుకు?

ఈ ఒక్క ప్రశ్నకే ఎక్కువ జాగా ఇవ్వాలి. మా ప్రాంతంలో ఐపీ గొడవలకి నేను చూసిన కారణాల్లో ఇదే ముందు వరస. జియో అయినా, ఎయిర్‌టెల్ అయినా, ఏపీ ఫైబర్‌నెట్ అయినా, వీధిలో కేబుల్ ఆయన ఇచ్చిన కనెక్షన్ అయినా, ఇప్పుడు వస్తున్న ఫైబర్ బాక్స్‌లు చాలావరకు రూటర్ పని కూడా చేస్తాయి, నంబర్లూ పంచుతాయి. మీరు కొని తెచ్చిన రూటర్ కూడా పంచుతుంది. ఇద్దరు పంచేవాళ్లయ్యారు.

ఇక్కడ కేబుల్ ఎక్కడ గుచ్చారన్నదే ముఖ్యం. కొత్త రూటర్ వెనక ఒక పోర్టు వేరే రంగులో, వాన్ లేదా ఇంటర్నెట్ అని రాసి ఉంటుంది. మిగతావి ల్యాన్ పోర్టులు. ఫైబర్ బాక్స్ నుంచి వచ్చిన కేబుల్‌ని ల్యాన్‌లో గుచ్చి అలాగే వదిలేస్తే రెండు పంపకాలూ ఒకే నెట్‌వర్క్‌లో కలిసిపోతాయి. కింద బాక్స్ ఇచ్చిన నంబరే పై రూటర్ ఇంకొకరికి ఇస్తుంది. అంతకంటే ఘోరం, రెండు బాక్స్‌ల సొంత నంబరూ 192.168.1.1 అయితే గేటు దగ్గరే గొడవ. అప్పుడు ఒకటి రెండు ఫోన్లు కాదు, ఇల్లంతా తడబడుతుంది.

పరిష్కారాలు రెండు. మొదటిది, నాకు నచ్చేది: పై రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం. ఇప్పుడొచ్చే రూటర్లలో చాలావాటికి సెట్టింగ్స్‌లో ఆ మోడ్ ఉంటుంది. అది పెడితే పంచడం మానేసి వైఫై మాత్రమే ఇస్తుంది. ఆ మోడ్ లేని పాత రూటర్ అయితే దాని డీహెచ్‌సీపీని మీరే ఆపేసి, దాని సొంత నంబరుని 192.168.1.2 లాంటి ఖాళీ నంబరుకి మార్చి, అప్పుడు కేబుల్ ల్యాన్‌లో గుచ్చండి. వరస ముఖ్యం. ముందే గుచ్చితే సెట్టింగ్స్ పేజీ తెరవబోయి ఏ బాక్స్ పేజీ తెరిచారో మీకే తెలియదు.

రెండోది: కేబుల్‌ని వాన్ పోర్టులోనే ఉంచి, పై రూటర్ వరసని పూర్తిగా మార్చడం. కింద 192.168.1 అయితే పైన 192.168.5 పెట్టండి. క్లాష్ రాదు. కానీ పైనున్న ఫోన్‌కి కింద టీవీ కనిపించదు, కింది ల్యాప్‌టాప్ నుంచి పై ప్రింటర్‌కి పేజీ పోదు. అద్దెకున్న వాళ్లని విడిగా ఉంచాలనుకునే ఇంటి ఓనర్లకి ఇది బాగానే పనికొస్తుంది. ఒకే కుటుంబమైతే మొదటిదే మేలు.

మీ ఇంట్లో ఇద్దరు పంచుతున్నారో లేదో చూడాలంటే, కింద ఒకసారి, మేడ మీద ఒకసారి ఫోన్ వైఫై వివరాల్లో గేట్‌వే నంబరు, అంటే రూటర్ సొంత నంబరు, చూడండి. ఒక్కోచోట ఒక్కోటి ఉంటే, ఉదాహరణకి కింద 192.168.29.1, పైన 192.168.0.1 ఉంటే, ఇద్దరున్నట్టే.

సీసీ కెమెరాలు పెట్టించిన రోజు నుంచి ప్రింటర్ పనిచేయట్లేదు. కెమెరాల అబ్బాయేమో "మాకు సంబంధం లేదు" అంటున్నాడు.

సంబంధం ఉండే అవకాశమే ఎక్కువ. నెట్‌వర్క్ కెమెరాలు, డీవీఆర్‌లు కొన్ని కంపెనీ నుంచే ఒక స్థిరమైన నంబరుతో వస్తాయి. 192.168.1.64, 192.168.1.108 అలా బాగా కనిపించే నంబర్లు. ఒకే రకం కెమెరాలు నాలుగు కొని నేరుగా స్విచ్‌కి తగిలిస్తే నాలుగూ ఒకే నంబరుతో లేచి వాటిలో అవే కొట్టుకుంటాయి. ఒక్కో కెమెరాని విడిగా ఆన్ చేసి, నంబరు మార్చి, అప్పుడు రెండోది తగిలించాలి. తెలిసిన మెకానిక్ ఇలాగే చేస్తాడు.

డీవీఆర్‌కి స్థిరమైన నంబరు పెట్టడం తప్పేం కాదు. ఆ నంబరు రూటర్ పంచే వరసలో ఉండటమే తప్పు. రూటర్ 192.168.1.100 నుంచి 199 దాకా పంచుతోంది, డీవీఆర్ 108 మీద కూర్చుంది. రూటర్‌కి ఆ సంగతి తెలియదు. తొమ్మిదో పరికరం వచ్చేదాకా అంతా సవ్యంగానే ఉంటుంది. పండక్కి పిల్లలు ఊరి నుంచి ఫోన్లతో దిగాక ఎవరో ఒకరికి 108 వస్తుంది. అందుకే ఈ గొడవ కెమెరాలు పెట్టిన నెలల తర్వాత కూడా బయటపడుతుంది, అప్పటికి కెమెరాల మీద ఎవరికీ అనుమానం రాదు.

గొడవ పడుతున్న రెండో పరికరం ఏదో కనిపెట్టడం ఎలా?

గొడవలో ఉన్న నంబరు ముందు కాగితం మీద రాసుకోండి. ఆ నంబరున్న మొదటి పరికరాన్ని, అంటే మీకు తెలిసినదాన్ని, పూర్తిగా ఆపేయండి. ఇప్పుడు వేరే ల్యాప్‌టాప్ నుంచి ఆ నంబరుకి పింగ్ కమాండ్ కొట్టండి, అంటే అక్కడ ఎవరైనా ఉన్నారా అని పలకరించండి. జవాబొస్తే రెండోది ఇంకా ఇంట్లోనే ఉంది. అదే నంబరుని బ్రౌజర్ అడ్రస్ బార్‌లో కొట్టి చూడండి. డీవీఆర్ లాగిన్ పేజీయో ప్రింటర్ పేజీయో తెరుచుకుంటే అక్కడికక్కడే తేలిపోతుంది.

పేజీ తెరుచుకోకపోతే ఏఆర్‌పీ కమాండ్‌ని "ఏ" ఆప్షన్‌తో ఇవ్వండి. ఆ నంబరు ఎదురుగా పన్నెండు అక్షరాల మ్యాక్ అడ్రస్ కనిపిస్తుంది. అది పరికరానికి తయారీలోనే పెట్టే గుర్తింపు సంఖ్య, మ్యాక్ కంప్యూటర్‌కీ దీనికీ సంబంధం లేదు. కొన్ని కంప్యూటర్లు ఫైర్‌వాల్ వల్ల పింగ్‌కి జవాబివ్వవు కానీ ఈ జాబితాలో దొరికిపోతాయి. మ్యాక్‌లో మొదటి ఆరు అక్షరాలు తయారీ కంపెనీవి, నెట్‌లో వెతికితే ఏ కంపెనీదో తెలుస్తుంది. రెండో అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఒకటైతే కంపెనీ పేరు దొరకదు. అది ఎక్కువగా ఫోను తనకి తాను పెట్టుకున్న మారు మ్యాక్.

ఇవేవీ మనవల్ల కాదనుకుంటే పాత పద్ధతి ఉంది. పరికరాలన్నీ ఆపేసి ఒక్కోటీ ఆన్ చేస్తూ రావడం. టైమ్ పడుతుంది, పని మాత్రం అవుతుంది.

ఇప్పుడు ఆన్‌లైన్ పరీక్ష ఉంది. అర్జెంటుగా నెట్ కావాలి. ఏం చేయను?

ఆ ఒక్క పరికరానికి కొత్త నంబరు ఇప్పించండి. ఫోన్‌లో అయితే వైఫై ఆపి ఆన్ చేయండి. కుదరకపోతే నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి పాస్‌వర్డ్ మళ్లీ కొట్టండి. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ కమాండ్‌ని ముందు "రిలీజ్", తర్వాత "రెన్యూ" ఆప్షన్లతో ఇవ్వండి. నంబరు మాన్యువల్‌గా పెట్టి ఉంటే ఆటోమేటిక్‌కి మార్చండి. అప్పటికీ రాకపోతే టెన్షన్ పడకుండా మొబైల్ హాట్‌స్పాట్ మీద పరీక్ష రాసుకుని, రిపేరు సంగతి తర్వాత చూసుకోండి.

శాశ్వతంగా పోవాలంటే?

నంబరు ఎప్పటికీ మారకూడని పరికరాలు ఇంట్లో రెండో మూడో ఉంటాయి: ప్రింటరు, డీవీఆర్, ఎక్కడైనా ఒక పాత కంప్యూటరు. వాటిలో కూడా ఐపీని ఆటోమేటిక్‌లోనే వదిలేయండి. రూటర్ సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట, ఫలానా మ్యాక్‌కి ఎప్పుడూ ఫలానా నంబరే ఇవ్వమని రాయండి. నంబరు స్థిరంగానూ ఉంటుంది, రూటర్ పట్టికలోనూ ఉంటుంది. పరికరంలో చేత్తో నంబరు రాయడం కంటే ఇది ఎప్పుడూ మంచిది.

కొన్ని ఫైబర్ బాక్స్‌లలో రిజర్వేషన్ ఉండదు. అప్పుడు పంపకం వరసని కుదించండి. రూటర్‌ని 192.168.1.50 నుంచి 200 దాకానే పంచమని చెప్పి, 2 నుంచి 49 దాకా మీ చేతి నంబర్లకి ఉంచుకోండి. ప్రింటర్‌కి 10, డీవీఆర్‌కి 20 అనుకుంటే ఆ సంగతి ఒక చీటీ మీద రాసి బాక్స్ అడుగున అంటించండి. రేపు వచ్చే మెకానిక్‌కి అదే ఆధారం. వరస మార్చాక అన్నిటినీ ఒకసారి ఆపి ఆన్ చేయాలి, లేకపోతే పాత గడువు తీరేదాకా పాత నంబర్లతోనే తిరుగుతాయి.

నా ఫోన్‌కి రిజర్వేషన్ పెట్టాను, అయినా నంబరు మారిపోతోంది.

2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ బదులు ఒక్కో వైఫైకి ఒక్కో మారు మ్యాక్ చూపిస్తున్నాయి. బయట షాపుల్లో, స్టేషన్లలో ఎవరూ మనల్ని గుర్తుపట్టకుండా పెట్టిన ఏర్పాటు అది. మీ ఇంటి వైఫై వరకు ఆ సెట్టింగ్ ఆపుకోవచ్చు, ఆపాక రిజర్వేషన్ కొత్తగా పెట్టాలి. నన్నడిగితే ఫోన్‌కి స్థిరమైన నంబరుతో పనే లేదు.

169.254తో మొదలయ్యే నంబరు వచ్చింది. ఇది కూడా క్లాషేనా?

సాధారణంగా కాదు. నంబరు ఇచ్చేవాళ్లు దొరక్క పరికరం తనే పెట్టుకున్న ఆపద్ధర్మ నంబరు అది. రూటర్ పంచడం ఆగిపోయి ఉండొచ్చు, నంబర్లు అయిపోయి ఉండొచ్చు. మాన్యువల్ నంబరు క్లాష్ అయినప్పుడు కూడా విండోస్ ఇది చూపిస్తుంది, కాబట్టి పైన చెప్పిన డూప్లికేట్ మాట ఉందేమో చూసుకోండి.

మాది హాస్టల్. సాయంత్రమైతే కొత్తవాళ్లకి వైఫై కనెక్ట్ కాదు, ఐపీ తీసుకుంటున్నట్టు తిరుగుతూనే ఉంటుంది.

నంబర్లు అయిపోతున్నాయి. మామూలు ఇంటి రూటర్ వరస మొత్తం వాడినా 254 నంబర్లకి మించవు, అందులో ఒకటి రూటర్‌దే. చాలా బాక్స్‌లు అందులో వందో అంతకంటే తక్కువో మాత్రమే పంచుతాయి. గడువు 24 గంటలు ఉంటే పొద్దున వచ్చిపోయిన వాళ్ల నంబరు కూడా రాత్రిదాకా బుక్కయ్యే ఉంటుంది. గడువుని రెండు గంటలకి తగ్గించండి, వరసని పెంచండి. అంతమందికి ఒక ఇంటి రూటర్ ఎలాగూ చాలదు, అది వేరే సంగతి.

ఇంటి నుంచి ఆఫీసు పని. వీపీఎన్ కనెక్ట్ అవుతుంది కానీ ఆఫీసు సర్వర్ తెరుచుకోదు.

వీపీఎన్ అంటే నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి. ఇది రెండు పరికరాల గొడవ కాదు, రెండు నెట్‌వర్క్‌ల గొడవ. ఆఫీసులోనూ 192.168.1 వరసే, ఇంట్లోనూ అదే. 192.168.1.20 అంటే ఆఫీసు సర్వరో మీ ఇంటి డీవీఆరో ల్యాప్‌టాప్‌కి అర్థం కాదు. ఆఫీసు వరస మార్చమంటే మారుస్తారా? మీ ఇంటి రూటర్ వరసనే 192.168.73 లాంటి ఎవరూ పెద్దగా వాడని దానికి మార్చుకోండి.

ఎవరో మా వైఫై హ్యాక్ చేశారని దీనర్థమా?

కాదు. పాస్‌వర్డ్ తెలిసిన వాళ్లు ఎక్కువయ్యారని అనుమానం ఉంటే మార్చండి, తప్పు లేదు. క్లాష్ మాత్రం దొంగ వచ్చాడనడానికి గుర్తు కాదు.

ఐపీవీ6కి మారితే ఈ బాధ ఉండదంటున్నారు?

అది ఐపీ నంబర్ల కొత్త పద్ధతి, అందులో నంబర్లు లెక్కలేనన్ని. పైగా ప్రతి పరికరం నంబరు వాడే ముందు అది ఇంకొకరిది కాదని సరిచూసుకోవడం ఆ పద్ధతిలోనే భాగం. కాబట్టి గొడవ దాదాపు ఉండదు. కానీ ఇంట్లో ప్రింటర్లు, డీవీఆర్‌లు ఇంకా పాత ఐపీవీ4 మీదే ఆధారపడుతున్నాయి కనుక పైన రాసినవన్నీ ఇంకా పనికొస్తాయి.

కేబుల్ ఆయన్ని పిలిస్తే ఏమని చెప్పాలి?

"నెట్ స్లోగా ఉంది" అనకండి. అలా అంటే స్పీడ్ టెస్ట్ పెట్టి, బాగానే ఉందండీ అని వెళ్లిపోతాడు. "ఫలానా నంబరు మీద ఐపీ క్లాష్ వస్తోంది, బాక్స్‌లో డీహెచ్‌సీపీ వరస కుదించి, డీవీఆర్‌కి రిజర్వేషన్ పెట్టి వెళ్లండి" అని చెప్పండి. సొంత రూటర్ ఉంటే, ఫైబర్ బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో పెడతారా అని కూడా అడగండి. పెడితే ఇంట్లో పంచేది మీ రూటర్ ఒక్కటే అవుతుంది. అయితే బాక్స్ నుంచే టీవీ ఛానెళ్లు, ల్యాండ్‌లైన్ వస్తుంటే అవి ఆగిపోవా అని ముందే కనుక్కోండి. బాక్స్ అడ్మిన్ పాస్‌వర్డ్ చాలామందికి తెలియదు. ఆయన ఇంట్లో ఉండగానే అడిగి, ఆ అడుగున అంటించిన చీటీ మీదే రాసిపెట్టుకోండి. ఇవ్వనంటే వైఫై పేరు, పాస్‌వర్డ్ వరకైనా మార్చుకునే లాగిన్ ఇవ్వమనండి.